బీచ్ రోడ్డులో ‘ఇండస్’ పేరుతో ఒక ఫలకం పెట్టండి

సంపాదకుడు గారికి,

1942 ఏప్రిల్ 6 అంటే విశాఖలో పెద్దవాళ్లకు గుర్తొచ్చేది రెండో ప్రపంచ యుద్ధంలో పడిన జపాన్ బాంబులే. ‘ర్యుజో’ అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా దాడి చేశాయి. పేలని ఒక బాంబు గుల్లను విశాఖ మ్యూజియంలో ఉంచారు కూడా. సరిగ్గా ఆ రోజే బంగాళాఖాతం అవతలి ఒడ్డున, బర్మాలోని అక్యాబ్ దగ్గర, రాయల్ ఇండియన్ నేవీ (బ్రిటిష్ పాలనలోని భారత నౌకాదళం) ఓడ ‘ఇండస్’ జపాన్ విమానాల బాంబులకు మునిగిపోయింది. ఈ రెండో సంగతి మన ఊళ్లో ఎక్కడా రాసి ఉన్నట్టు నాకు కనిపించలేదు.

‘ఇండస్’ పెద్ద యుద్ధనౌకేమీ కాదు. స్లూప్ అనే రకం. 1934లో ఇంగ్లండ్‌లోని టైన్ నది ఒడ్డున జలప్రవేశం చేసింది. ప్రధాన ఆయుధాలు రెండు 4.7 అంగుళాల ఫిరంగులు. ఇలాంటి ఓడలకు అప్పగించే పని కాన్వాయ్‌లకు కాపలా. సరుకు ఓడలన్నీ గుంపుగా, వాటిలో అన్నిటికన్నా నెమ్మదైన దాని వేగంతో కదులుతుంటే, ఇవి చుట్టూ కాచుకుని ఉండాలి. నీళ్ల కింద జలాంతర్గామి ఉందేమోనని చెవులు రిక్కించాలి, ఆకాశం మీదా ఒక కన్నేసి ఉంచాలి. పగలూ రాత్రీ టెన్షనే. ఓడలన్నీ క్షేమంగా రేవు చేరితే మాత్రం అది ఎవరికీ వార్త కాదు.

ఆ కాపలా లేకపోతే ఏమవుతుందో ఆ వారంలోనే తెలిసొచ్చింది. కలకత్తా రేవు నుంచి పంపేసిన సరుకు ఓడలు రక్షణ లేకుండా తీరం వెంబడి దిగుతుంటే, జపాన్ వైస్ అడ్మిరల్ ఒజావా దళం దాదాపు ఇరవై ఓడల్ని ముంచేసింది. కొన్ని ఒడిశా తీరానికి దగ్గర్లోనే మునిగాయి.

అది బ్రిటిష్ వాళ్ల యుద్ధం కదా, మనకెందుకు అనేవాళ్లున్నారు. జెండా వాళ్లదే, నిజమే. కానీ బర్మా రాజధాని రంగూన్ జపాన్ చేతిలో పడిపోయాక మన తీరం ముందు తిరిగిన ఓడల్లో పని చేసినవాళ్లలో మన కుర్రాళ్లూ ఉన్నారు. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలోని ‘తల్వార్’ అనే నౌకాదళ శిక్షణ కేంద్రం నుంచి మొదలుపెట్టి దొరల మీద తిరగబడింది కూడా ఆ నౌకాదళంవాళ్లే. తిరుగుబాటును గర్వంగా చెప్పుకుంటూ, అంతకుముందు వాళ్లు చేసిన కాపలాను వదిలేయడం అన్యాయం.

ఆ యుద్ధంలో సముద్రమే సమాధి అయిన అవిభక్త భారత నావికులు, సరుకు ఓడల సిబ్బంది ఆరువేల మందికి పైగా ఉన్నారు. వాళ్ల పేర్లున్న స్మారక పుస్తకాలు ముంబయిలోనూ, చిట్టగాంగ్‌లోనూ ఉన్నాయి. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖలో 1971 యుద్ధానికి ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం ఉంది, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. వాటి దగ్గరే ‘ఇండస్’ పేరు, 1942 ఏప్రిల్ 6 తేదీ, ఆ రోజు విశాఖ, కాకినాడల్లో జరిగిన దాడి వివరం తెలుగులో చెక్కిన ఒక ఫలకం పెట్టమని నౌకాదళాన్నీ, నగరపాలక సంస్థ జీవీఎంసీనీ కోరుతున్నాను. డిసెంబర్ 4న నౌకాదళ దినోత్సవం వస్తుంది. ఈసారి ఆ లోపే పని పూర్తయితే బాగుంటుంది.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం