ఏసీ కట్టేయాల్సిన దారి

సంపాదకులకు,

అమెరికా ఆర్వీ (పడక, వంటగది, మరుగుదొడ్డి అన్నీ ఉండే ఇల్లులాంటి బండి) ప్రయాణం మీద మీ ఆదివారం వ్యాసంలో ఫొటోలు బాగున్నాయి గానీ, బండి సంగతే లేదు! నేను బస్సు నడిపి రిటైరయినవాణ్ణి. మా అబ్బాయి ఆర్వీ అద్దెకు తీసుకుని కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ఎడారి తిప్పాడు. బ్యాడ్‌వాటర్ దగ్గర సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉంటాం, కాలికింద ఉప్పు పెళ్లలు కరకరలాడతాయి. అక్కణ్ణుంచి పడమరగా వెళ్తే టౌన్ పాస్ అనే కనుమ, దాదాపు 1,500 మీటర్ల ఎత్తు. ఇంజను కాగకుండా ఏసీ కట్టేయమని రోడ్డు పక్కన బోర్డులే ఉన్నాయి. మా కోడలు మ్యాపుతో విసురుకుంది. అసలు పరీక్ష దిగేటప్పుడు. బ్రేకు మీదే కాలుంచితే లైనింగు మాడు వాసన కొడుతుంది. చిన్న గేరులో దించాలి, తిరుమల ఘాటులో మనవాళ్లు దించినట్టే. మావాడికి నా మాట రుచించలేదనుకోండి! ఆ కొండలు దాటి లోన్ పైన్ అనే ఊరు చేరితే ఎదురుగా 4,421 మీటర్ల విట్నీ శిఖరం.

ఇక మరుగుదొడ్డి ట్యాంకుకు గొట్టం తగిలించి ఖాళీ చేసే పనీ మనదే. వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఈసారి అవీ రాయించండి.

- ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై