జిమ్నాస్టిక్స్ బీమ్ కంటే ముందు బస్సు టైము చూడండి: క్రీడాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర క్రీడాశాఖ మంత్రివర్యులకు నమస్కారాలతో రాయునది.

అయ్యా,

2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో బుద్దా అరుణారెడ్డి వాల్ట్ మీద (పరుగెత్తుకొచ్చి, బల్ల మీద చేతులు ఆనించి, గాల్లో తిరిగి దిగే అంశం) కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో మన దేశానికి అదే మొదటి పతకం. అరుణ హైదరాబాద్ అమ్మాయి, ఎల్బీ స్టేడియంలో నేర్చుకుంది. రెండేళ్ల ముందు రియో ఒలింపిక్స్‌లో వాల్ట్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న దీపా కర్మాకర్‌ది అగర్తల పట్టణం. పల్లె నుంచి వచ్చి టోక్యో ఒలింపిక్స్ దాకా వెళ్లిన ప్రణతి నాయక్‌ది పశ్చిమ మేదినీపూర్ జిల్లా పింగ్లా ప్రాంతం. ఆమె చిన్నతనంలోనే ఇల్లు విడిచి కోల్‌కతాలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రానికి చేరాల్సి వచ్చింది. ఏడెనిమిదేళ్ల పిల్లను ఇంటికి దూరంగా పంపకుండా ఈ ఆట నేర్పించే మార్గం మన పల్లెల్లో లేదు. దాని గురించే ఈ లేఖ.

ఊళ్లలో ఈ ఆటకు పనికొచ్చే పిల్లలు లేక కాదు. ఎండాకాలం ఏ వ్యవసాయ బావి దగ్గరికి వెళ్లినా గట్టు మీద నుంచి గాల్లో మొగ్గేసి నీళ్లలో పడే పిల్లలు కనిపిస్తారు. వాళ్లకు గాలిలో తమ ఒళ్లు ఎక్కడుందో తెలుసు. ఆ తెలివి చాలామంది పట్నం పిల్లలకు ఏడాది నేర్పినా రాదు. ఈ పల్లె పిల్లలకు రానిది నేల మీద దిగడం, అది నీళ్లలో పడటమంత సులువు కాదు.

ముందు బస్సు సంగతి చెప్పుకుందాం. జిల్లా కేంద్రానికి 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరిని తీసుకోండి. ప్రాథమిక పాఠశాల 4 గంటలకు వదిలితే, బస్సు దొరికి, దిగి, స్టేడియం చేరేసరికి పావుతక్కువ 6. రెండు గంటల సాధన తర్వాత పావుతక్కువ 8. అప్పటికి చాలా రూట్లలో చివరి పల్లెవెలుగు వెళ్లిపోయి ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి అమ్మాయికీ తోడెళ్లే తల్లికీ టిక్కెట్టు లేదు, అది నిజంగా మేలు చేసింది. కానీ లేని బస్సులో ఉచిత ప్రయాణం ఎలా? అందుకే చాలామంది పిల్లలు వారానికి ఒక్క ఆదివారమే వస్తారు. మొదటి ఏడాది వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలు కనీసం కావాలి. తొమ్మిదేళ్లకు వారానికి 10 నుంచి 12 గంటలు, పోటీలకు తయారయ్యే పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు 16 నుంచి 20 గంటలు పడుతుంది. ఒక్క ఆదివారంతో నడిపితే పోయిన వారం నేర్చుకున్నది మళ్లీ మొదటినుంచి నేర్పడమే పని అవుతుంది.

కాబట్టి జిల్లాకొక పెద్ద హాలు కట్టి శిలాఫలకం పెట్టే ముందు, మండల స్థాయిలో నేల మీది పని మాత్రమే నేర్పే చిన్న కేంద్రాలు పెట్టండి. సోమ, బుధ, శుక్రవారాలు అక్కడ. ఆదివారం ఒక వ్యాను పిల్లలను జిల్లా కేంద్రంలోని పూర్తి పరికరాల మీదికి తీసుకెళ్లి, తిరిగి ఇంటి దగ్గర దింపాలి. మొదటి రెండేళ్లు పిల్ల చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం నేల మీదే ఉంటుంది: హ్యాండ్‌స్టాండ్ (చేతుల మీద తలకిందులుగా నిలవడం), బ్రిడ్జ్ (వెనక్కి విల్లులా వంగడం), స్ప్లిట్ (కాళ్లు పూర్తిగా చాపి నేలకు ఆనడం), కార్ట్‌వీల్ (చేతుల మీదుగా పక్కకు చక్రంలా తిరగడం), రౌండాఫ్ (అలాగే తిరిగి రెండు కాళ్లూ కలిపి దిగడం), సరిగ్గా దిగడం. దీనికి ప్రపంచ సమాఖ్య ముద్ర ఉన్న సామాను అక్కర్లేదు.

హాలుకు కొత్త భవనం కూడా అక్కర్లేదు. 15 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, మధ్యలో స్తంభాలు లేని గది ఏదైనా సరిపోతుంది. వాడకంలో లేని గోదాము, పాత కమ్యూనిటీ హాలు, పాఠశాల ఆడిటోరియం ఏదైనా సరే. పైకప్పు దూలం కింద నుంచి నేలకు నాలుగున్నర మీటర్లు ఉండాలి. సీలింగ్ ఫ్యాన్లు ఉంటే తీయించి గోడ ఫ్యాన్లు పెట్టాలి. ఇది ఎవరికీ గుర్తురాదు, గుర్తొచ్చేది స్ప్రింగ్‌బోర్డ్ మీద నుంచి పిల్ల మొదటిసారి పైకి లేచినప్పుడే. రేకుల కప్పయితే దాని కింద ఉష్ణనిరోధక పొర వేయించండి. మే నెల ఎండకు మ్యాట్ల జిగురు ఊడిపోతుంది, చెమట చేతులు బార్ మీద నిలవవు.

సామాను పట్టీ చిన్నదే. 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం ఉన్న మ్యాట్లు 24. వీటిని పరిస్తే 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు దారి వస్తుంది. అంచులకు వెల్క్రో తప్పనిసరి, లేకపోతే రెండు మ్యాట్ల సందులో పాదం ఇరుక్కుని చీలమండ మెలిపడుతుంది. టైల్స్ నేలయితే కింద రబ్బరు షీటు వేయాలి, లేదంటే మ్యాటే జారుతుంది. దిగడానికి 20 సెంటీమీటర్ల మందం మ్యాట్లు 4, ఏటవాలు మ్యాట్లు 2, అరలుగా విడదీసే వాల్ట్ పెట్టె 1, స్ప్రింగ్‌బోర్డ్ 1, గోడకు బిగించే నిచ్చెన బార్లు 4, ఎత్తు మార్చగల ఒంటి బార్ 1, చేతికి పట్టుకునే చిన్న కర్ర పారలెట్స్ 10 జతలు. బీమ్, అంటే అమ్మాయిలు పైన నిలబడి విన్యాసాలు చేసే సన్నని దూలం, పోటీలో 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 125 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. నేర్చుకునే పిల్లకు కావలసింది ఆ వెడల్పే, ఎత్తు కాదు. నేలకు ఆనించిన బీమ్‌లు మూడు ఊరి వడ్రంగే చేయగలడు. అంచులు గుండ్రంగా చెక్కి, మీద జారని గుడ్డ బిగుతుగా అతికిస్తే చాలు.

దీనిలో డబ్బు వృథా అయ్యేది మ్యాట్ల దగ్గర. తక్కువ ధర టెండరులో పైన మెరిసే రెగ్జిన్, లోపల గుల్ల ఫోమ్ వస్తాయి. పట్టుకోవడం సులువే, తూకం వేస్తే చాలు. 2 మీటర్లు, 1 మీటరు, 5 సెంటీమీటర్లు అంటే 0.1 ఘనపు మీటరు. టెండరులో ఫోమ్ సాంద్రత ఘనపు మీటరుకు 100 కిలోలని రాస్తే, లోపలి ఫోమే 10 కిలోలు తూగాలి. తొడుగుతో కలిపి 7 కిలోలు తూగితే ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. రెండో పరీక్ష ఇంకా తేలిక: పెద్దమనిషి ఒంటి మడమ మీద నిలబడాలి, కింద నేల తగిలితే సరుకు వెనక్కి పంపాలి. శిక్షకుడు ఈ రెండూ చూసి సంతకం పెట్టనిదే బిల్లు పాస్ కాకూడదని జీవోలో ఒక్క వాక్యం పెట్టించండి. తొడుగుకు జిప్ ఉండాలని కూడా, అప్పుడే లోపల చూడగలం.

వచ్చిన మ్యాట్లు పాడయ్యేది ఆటతో కంటే ఆటేతర పనులతోనే ఎక్కువ. వాటి మీద కుర్చీలు వేసి సభలు పెడతారు, కుర్చీ కాళ్లకు తొడుగు చిరుగుతుంది. ఎన్నికలొస్తే సిబ్బంది పడకలు అవే. వానాకాలం నేల చెమ్మకు అడుగున బూజు పడుతుంది, మూలన ఎలుకలు పిల్లలు పెడతాయి. రాత్రి వాటిని నేలకు నాలుగంగుళాల ఎత్తులో చెక్క పలకల మీద పెట్టి గదికి తాళం వేస్తే మ్యాట్లు ఏళ్ల తరబడి వస్తాయి. తాళం ఎవరి దగ్గరుండాలో మాత్రం ఉత్తర్వులోనే రాయండి.

జిల్లా కేంద్రంలో అన్‌ఈవెన్ బార్స్ (అమ్మాయిలు ఊగే ఎత్తు తేడా ఉన్న రెండు బార్లు), హారిజాంటల్ బార్ (అబ్బాయిల ఒంటి బార్) బిగించేటప్పుడు నేల చూడాలి. వీటిని తీగలతో లాగి నేలలోని కొక్కాలకు కడతారు. పిల్ల ఊగిన ప్రతిసారీ ఆ కొక్కాలను పైకి పీకే బలం పడుతుంది. టైల్స్ కింద రెండంగుళాల కాంక్రీటు ఉన్న హాల్లో బిగిస్తే కొక్కెం ఊడొస్తుంది. కొక్కానికొక పునాది గుంత తవ్వి, ఇనుప కడ్డీలతో కాంక్రీటు పోయించాలి. కొలతలు పరికరం తయారీదారు పటంలోనే ఉంటాయి, కాంట్రాక్టరు దాన్ని చూశాడా అన్నదే ప్రశ్న. తీగల బిగువు ప్రతి సాధనకు ముందు చూడాలి.

చేతి తోలు గ్రిప్పుల విషయం ఇంకా సున్నితం. అమ్మాయిల బార్ దాదాపు 4 సెంటీమీటర్ల లావు, అబ్బాయిల హారిజాంటల్ బార్ 2.8 సెంటీమీటర్లు. ఒకదాని గ్రిప్ ఇంకోదాని మీద వాడితే, లేదా సైజు పెద్దదైతే, తోలు బార్ చుట్టూ మడతపడి బిగుసుకుపోతుంది. చెయ్యి అక్కడే ఆగుతుంది, ఒళ్లు తిరుగుతూనే ఉంటుంది. ముంజేయి ఎముక విరిగేది అలాగే. కాబట్టి 'గ్రిప్పులు, ఒకే సైజు, 200 జతలు' లాంటి ఇండెంట్ దయచేసి పెట్టనివ్వకండి. చేతులకు రాసుకునేది మెగ్నీషియం కార్బొనేట్ పొడి. బడిలో ఉన్న సుద్దముక్కల పొడి దానికి బదులు కాదు. కొన్నిచోట్ల టాల్కమ్ పౌడర్ రాస్తున్నారు, అది పట్టు ఇవ్వకపోగా ఇంకా జారుస్తుంది.

ఫోమ్ పిట్ (పిల్లలు దూకి పడేందుకు ఫోమ్ ముక్కలతో నింపిన గుంత) అడగమని మీకు చాలామంది సలహా ఇస్తారు. మా మాట మొదటి రెండేళ్లు వద్దనే. దాన్ని క్రమం తప్పకుండా ఖాళీ చేసి, దుమ్ము దులిపి, చిరిగిన ముక్కలు మార్చే మనుషులు లేని చోట అది పురుగూ పుట్రా చేరే గుంతవుతుంది. పైగా ఆ ఫోమ్‌కు నిప్పంటితే విషపు పొగ వస్తుంది. ఆ డబ్బుతో ఇద్దరు సహాయ శిక్షకులను పెట్టండి.

శిక్షకుల దగ్గరే అసలు కొరత. పాటియాలాలోని జాతీయ క్రీడా శిక్షణ సంస్థ ఎన్ఐఎస్‌లో డిప్లొమా చేసిన జిమ్నాస్టిక్స్ శిక్షకుడు ప్రతి మండలానికీ దొరకడు. జిల్లాకు ఒకరుండి, మండలాల్లో వ్యాయామ ఉపాధ్యాయులను ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సుకు పంపి, ఏడాదికి రెండుసార్లు పదేసి రోజులు జిల్లా కేంద్రంలో పక్కన నిలబెట్టి నేర్పితే నడుస్తుంది. పిల్లను పట్టుకోవడం, అంటే స్పాటింగ్, పుస్తకంలో వచ్చేది కాదు. ఒక శిక్షకుడికి ఎనిమిది మంది చిన్నపిల్లలకు మించకూడదు. కాంట్రాక్టు ప్రతి మార్చి 31తో ముగిసి, జూలైలోనో ఆగస్టులోనో తిరిగి మొదలయ్యే పద్ధతి ఈ ఆటకు ఉరితాడు. నాలుగు నెలలు చెయ్యి ఆపిన పిల్ల తిరిగి వచ్చేసరికి రెండు సెంటీమీటర్లు పెరిగి ఉంటుంది, పాత కొలతలతో మొగ్గేస్తే నడుం మీద పడుతుంది. కాంట్రాక్టు కనీసం మూడేళ్లుండాలి.

గాయాలు ఎక్కువగా తొందరలోంచే వస్తాయి. జనవరి 26, ఆగస్టు 15 దగ్గర పడగానే కంకర గ్రౌండులో పిరమిడ్లు, వెనక్కి మొగ్గలు వేయిస్తారు. ఫ్లిక్, అంటే చేతుల మీదుగా వెనక్కి వేసే మొగ్గ, నేర్పడానికి ముందు గోడకు 30 సెకన్లు నిలువుగా హ్యాండ్‌స్టాండ్, భుజాలు తెరుచుకునే బ్రిడ్జ్, ఏటవాలు మ్యాట్ మీద వందల సార్లు వెనక్కి దొర్లడం జరగాలి. భుజం తెరుచుకోని పిల్ల ఆ వంపంతా నడుములో తెచ్చుకుంటుంది, వెన్నుపూసలో సన్నని చీలిక వచ్చేది అక్కడే. మణికట్టు, మడమ ఎముకల చివర్లు ఈ వయసులో ఇంకా మెత్తగా పెరుగుతుంటాయి, సిమెంటు నేల మీద దెబ్బలన్నీ వాటికే తగులుతాయి. ఇంట్లో పరుపు పరిచి చేయిస్తే నయమనుకుంటారు తల్లిదండ్రులు. దూది పరుపులో పాదం దిగబడి చీలమండ తిరుగుతుంది. ప్రతి కేంద్రంలో నెలకోసారి ఎత్తు కొలిచి రాసే పుస్తకం పెట్టించండి. ఎత్తు హఠాత్తుగా పెరిగే నెలల్లో దూకుళ్లు తగ్గించి బలం, ఒడుపు మీద పని చేయించాలి. బరువు మాత్రం పిల్లలందరి ముందూ చదవొద్దని ఆదేశించండి. పన్నెండేళ్ల అమ్మాయి అన్నం మానేయడానికి ఒక్క మాట చాలు.

ఎంపిక గురించి ఒక మనవి. హకీంపేట తదితర క్రీడా పాఠశాలలు నాలుగో తరగతిలో పిల్లలను తీసుకుంటాయి. పరీక్షల్లో ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, 800 మీటర్లు, మెడిసిన్ బాల్ విసరడం ఉన్నాయి. మంచి కొలతలే, కానీ పొట్టిగా, తేలిగ్గా, గట్టిగా ఉండే జిమ్నాస్ట్ పిల్లకు వీటిలో ఒరిగేది తక్కువ. ఈ ఆటకు వేరే పట్టిక పెట్టండి: బార్‌కు వేలాడి కాళ్లు పైకెత్తడం, బార్ పట్టుకుని ఒంటిని పైకి లాగడం, స్ప్లిట్‌లో నేలకు మిగిలే దూరం, బ్రిడ్జ్, ఒకసారి చూపిన కదలికను మూడోసారికి పట్టుకోగలగడం. రెండో తరగతి నుంచే మండల కేంద్రంలో చూస్తూ వస్తే నాలుగో తరగతికి శిక్షకుడి దగ్గర రెండేళ్ల రికార్డు ఉంటుంది, ఒక్క రోజు పరీక్ష మీద ఆధారపడక్కర్లేదు. గురుకులాల్లో బస్సు సమస్య లేదు కానీ ప్రవేశం ఐదో తరగతిలో. అమ్మాయిలకు అది కాస్త ఆలస్యమే, అబ్బాయిలకు పరవాలేదు. చిన్న తరగతులు ఉన్న గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో మొదటి కేంద్రాలు పెడితే రెండు ఇబ్బందులూ తీరతాయి.

అమ్మాయిల తల్లిదండ్రులు చాలామంది లియోటార్డ్ (కాళ్లు కప్పని, ఒంటికి అతుక్కునే ఆట దుస్తులు) చూసి వెనకడుగు వేస్తారు. అంతర్జాతీయ నిబంధనలు చీలమండ దాకా కప్పే యూనిటార్డ్‌ను అనుమతిస్తాయి, టోక్యోలో జర్మనీ అమ్మాయిలు అదే వేసుకుని ఆడారు. జిల్లా, రాష్ట్ర పోటీల నిర్వాహకులకు ఈ సంగతి రాతపూర్వకంగా తెలపండి. ఈ ఆటలో శిక్షకుడు పిల్లను తాకకుండా నేర్పలేడు. కాబట్టి అమ్మాయిలున్న ప్రతి బ్యాచ్‌లో ఒక మహిళా సహాయకురాలు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి, తల్లిదండ్రులు కూర్చునే బెంచీ హాల్లోనే ఉండాలి. తలుపు గడియ పడే మరుగుదొడ్డి కూడా.

చివరగా తేదీలు. బడులు జూన్ 12న తెరుస్తారు. ఆ రోజు కేంద్రం తెరవాలంటే హాళ్ల ఎంపిక ఫిబ్రవరిలో, టెండరు మార్చిలో, సహాయ శిక్షకుల తర్ఫీదు వేసవి సెలవుల్లో జరగాలి. మొదటి ఏడాది రెండు జిల్లాల్లో పది మండలాలు చాలు. అన్ని జిల్లాల్లో ఒకేసారి ప్రారంభోత్సవం చేస్తే అందరికీ తలా నాలుగు పలచని మ్యాట్లు వస్తాయి. మండలాలు ఎంచేటప్పుడు ఆర్టీసీ డిపో మేనేజరును పక్కన కూర్చోబెట్టుకుని సాయంత్రం ఆరున్నర తర్వాత ఏ ఊరికి బస్సు ఉందో ముందు చూడండి.

ఇట్లు,
గ్రామీణ ప్రాంతాల్లో జిమ్నాస్టిక్స్ నేర్పుతున్న శిక్షకులు,
నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు