దా లాత్ బస్సులో పక్క సీటు పెద్దమ్మకి బోలెడు థాంక్స్

వియత్నాంలో న్యా ట్రాంగ్ నుంచి దా లాత్ వెళ్ళే ఘాట్ రోడ్డు, మలుపు మలుపుకీ కడుపులో దేవేస్తోంది, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నా. పక్క సీటు పెద్దమ్మ నా మొహం చూసి "మాక్ ఓయ్ హా?" అంది. నన్నే ఓయ్ అని పిలుస్తోందనుకున్నా, తీరా చూస్తే అక్కడి దక్షిణాది వాళ్ళకి ఓయ్ అంటే వాంతి, మాక్ ఓయ్ అంటే వాంతొచ్చేలా ఉండటం, ఉత్తరాదిలో అయితే వాంతిని నోన్ అంటారంట! జవాబు చెప్పేలోపే డోకొచ్చేసింది, ఆవిడ గబుక్కున కవర్ అంచు మడిచి నా గడ్డం కింద పెట్టి ఇంకో చేత్తో జుట్టు వెనక్కి పట్టుకుంది, మొహంలో కాస్త కూడా అసహ్యం లేదు. తర్వాత పచ్చ రంగు మందు నూనె సీసా తీసి కణతలకి రాసి, ఉప్పుప్పగా పుల్లగా ఉండే సీ ముయ్ అనే ఎండు పండు నోట్లో పెట్టింది. మా అమ్మైతే ముందు తిట్టేది. కామ్ అన్ (వాళ్ళ భాషలో థాంక్స్) పెద్దమ్మా, నిజంగా!