నా ఎమ్మారై మళ్లీ తెరిచి చూసిన డాక్టరుగారికి, మిగతా అందరికీ

నిన్న ఆరు నెలల చెకప్ ఎమ్మారై రిపోర్ట్ చేతికి వచ్చింది. తిత్తి మళ్లీ వచ్చిన ఆనవాళ్లు లేవని రాశారు. ఈ మాట కోసమే ఇన్నాళ్లూ ఆగాను. నాకు సాయం చేసినవాళ్లందరికీ ఇప్పుడు నలుగురి ముందూ థాంక్స్ చెప్పుకోవాలి. పేర్లు రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్లకు తెలుస్తుంది.

నా జబ్బు పేరు టెయిల్‌గట్ సిస్ట్, అంటే మలాశయం వెనక పుట్టుకతో ఉండిపోయే ఒక తిత్తి. మూడేళ్లు దాంతోనే బతికినా ఆ పేరు నేను విననే లేదు. కూర్చుంటే తోక ఎముక లోపల ఎక్కడో బరువుగా, ఎవరో నొక్కుతున్నట్టు ఉండేది. మలబద్ధకం. కొన్నాళ్లకు మలద్వారం పక్కన వాపు, జ్వరం. చీము గడ్డ అన్నారు, కోసి చీము తీశారు, తగ్గింది. పది నెలలకు అదే చోట మళ్లీ లేచింది, మళ్లీ కోశారు. మూడోసారి ఫిస్టులా, అంటే లోపలి నుంచి చర్మం దాకా చీము కారే దారి, అయ్యుంటుందన్నారు. అప్పటికి ఆఫీసులో నిలబడి పనిచేయడం అలవాటైపోయింది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేదాన్ని కాదు. ఎక్కువసేపు కూర్చోవడం వల్లే వచ్చిందని ఒకరు, శుభ్రత సరిగా లేకపోతే ఇలాగే అవుతుందని ఇంకొకరు అనేవాళ్లు. నొప్పి కంటే ఆ మాటలే ఎక్కువ బాధపెట్టాయి. మొదట చూసిన డాక్టర్లను తప్పుపట్టడానికి ఇదంతా రాయడం లేదు. చాలామంది డాక్టర్లకు ఎదురే పడనంత అరుదైన జబ్బు ఇది.

ముందుగా మా వదినకు చెప్పాలి. "ఒకే చోట మూడుసార్లు గడ్డ లేస్తోందంటే లోపల ఏదో ఉంది, పద, ఇంకొకరికి చూపిద్దాం" అని పట్టుబట్టింది తనే. ఇక ఏ డాక్టర్ దగ్గరికీ రానని నేను ఏడుస్తుంటే, చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. వదినా, నువ్వు ఆ రోజు కదలకుండా నిలబడకపోతే నేను నాలుగోసారి కూడా చీము తీయించుకుని ఊరుకునేదాన్ని.

అలా కొలోరెక్టల్ సర్జన్, అంటే పెద్దపేగు, మలాశయం ఆపరేషన్లు చేసే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన వేలితో చేసిన పరీక్షకు రెండు నిమిషాలు పట్టింది. మలాశయం వెనక గోడ అవతల నున్నగా ఏదో తగులుతోందని వెంటనే కటి భాగానికి ఎమ్మారై రాశారు.

అసలు నేను ఎక్కువగా రుణపడింది ఆ ఎమ్మారై చూసిన రేడియాలజిస్ట్ గారికి. స్కాన్ అయిపోయింది, బట్టలు మార్చుకుని వెళ్లిపోబోతున్నాను. ఆవిడే బయటికి వచ్చి నన్ను లోపలికి పిలిచారు. గడ్డలు ఎప్పుడెప్పుడు వచ్చాయి, ఎక్కడ కోశారు, మధ్యలో పూర్తిగా తగ్గేదా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. బొమ్మలు మళ్లీ మొదటి నుంచీ చూశారు. మలాశయానికి వెనక, త్రికాస్థికి (తోక ఎముకకు పైన ఉండే ఎముక) ముందు, అయిదు సెంటీమీటర్ల తిత్తి, లోపల చిన్న చిన్న అరలు. 'టెయిల్‌గట్ సిస్ట్ అయ్యే అవకాశం ఎక్కువ, గతంలో వచ్చిన చీము గడ్డలు దీని ఇన్ఫెక్షన్ వల్లే కావచ్చు' అని రిపోర్ట్ చివర రాశారు. నా మూడేళ్లకు అర్థం చెప్పింది ఆ ఒక్క వాక్యమే. రేడియాలజిస్టులను పేషెంట్లు మామూలుగా చూడనైనా చూడరు. వాళ్లకు ఎవరు థాంక్స్ చెబుతారు?

సర్జన్ గారు కాగితం మీద బొమ్మ వేసి వివరించారు. తల్లి కడుపులో మొదటి వారాల్లో పిండానికి చిన్న తోక ఉంటుందట. పేగు చివరి భాగం కొంచెం ఆ తోకలోకి సాగుతుంది. ఎనిమిదో వారం కల్లా రెండూ కరిగిపోవాలి. ఆ పేగు ముక్క కాస్త మిగిలిపోతే, ఏళ్ల తరబడి లోపల జిగురు లాంటి ద్రవం ఊరి తిత్తిగా మారుతుంది. ఆడవాళ్లలో ఎక్కువ. పుట్టుకతోనే ఉన్నా చాలామందికి నడివయసులో గానీ బయటపడదు. "మీరు చేసిన దేనివల్లా వచ్చింది కాదమ్మా" అన్నారు. పక్కనే ఉన్న మా అమ్మ మొహం చూసి, ఆమె అడగకముందే, "మీరు కడుపుతో ఉన్నప్పుడు చేసిన దేనివల్లా కూడా కాదు" అని అమ్మకూ చెప్పారు. అమ్మ అక్కడే ఏడ్చేసింది. పుట్టుకతో వచ్చిందని విన్నప్పటి నుంచీ ఆవిడ మనసులో ఏం నడుస్తోందో నాకు అప్పటిదాకా తెలియలేదు. సర్, మా అమ్మ తరఫున మీకు దండం.

సూది పెట్టి ముక్క తీసి పరీక్షించవచ్చు కదా అని అడిగాం. ఇలాంటి తిత్తికి సూది గుచ్చితే ఇన్ఫెక్షన్ చేరొచ్చు, ఒకవేళ కేన్సర్ కణాలుంటే దారిపొడవునా పడొచ్చు, అందుకే మామూలుగా గుచ్చరని చెప్పారు. అరుదుగా అయినా తిత్తి గోడలో కేన్సర్ పుట్టే ప్రమాదం ఉంది, మాటిమాటికీ చీము పడుతుంది, అందుకని చితకకుండా మొత్తంగా తీసేయడమే సరైన వైద్యం.

ఆ ఆపరేషన్‌కి తోక ఎముక పక్క నుంచి, అంటే వెనక నుంచి వెళ్లే దారి పాతది. 1885లో క్రాస్కే అనే జర్మన్ సర్జన్ వివరించిన దారి అది, కింద ఉన్న తిత్తులకు ఇప్పటికీ అలాగే చేస్తారు. నాది కొంచెం పైకి ఉంది కాబట్టి పొట్ట వైపు నుంచి రోబోటిక్ పద్ధతిలో చేస్తామన్నారు. రోబో అనగానే మా ఇంట్లో అందరికీ టెన్షన్. యంత్రం తనంతట తాను ఏమీ చేయదని, డాక్టర్ చేతులు కదిపితేనే కదులుతుందని ఓపికగా చెప్పారు. కటి లోపల చోటు బాగా ఇరుకు. మూత్రం, మలం ఆపుకోవడానికి కావలసిన నరాలు అక్కడే ఉంటాయి. లోపలి భాగాలు లోతుతో సహా పెద్దవిగా కనబడటం, పరికరాలు మణికట్టులా తిరగడం, చేతి వణుకు లోపలికి చేరకపోవడం అక్కడే పనికొస్తాయట.

మంచి మాత్రమే చెప్పి ఊరుకోలేదు. తమ యంత్రంలో చేతికి స్పర్శ తెలియదని, కంటితోనే అంచనా వేయాలని చెప్పారు. అవసరమైతే పొట్ట తెరవాల్సి రావచ్చు, వెనక నుంచి కూడా కోయాల్సి రావచ్చు. మలాశయం గోడకు గాయమైతే కొన్నాళ్లు పొట్ట మీద మలం సంచి పెట్టుకోవాలి. నరం దెబ్బతింటే మూత్రం ఇబ్బంది రావచ్చు. విన్నప్పుడు భయం వేసింది. కానీ సంతకం పెట్టేటప్పుడు దేనికి పెడుతున్నానో నాకు పూర్తిగా తెలుసు. ఆ నిజాయితీకి కృతజ్ఞతలు సర్.

ఆ భయంలో ఉన్నప్పుడే ఇదే ఆపరేషన్ చేయించుకున్న ఒక అక్క, డాక్టరుగారు అడిగితే ఒప్పుకుని, నాకు ఫోన్ చేసింది. ముక్కూమొహం తెలియని నాతో గంటసేపు మాట్లాడింది. మొదటిసారి మలవిసర్జనకు వెళ్లేటప్పుడు ఎంత భయం వేస్తుందో, ఆపరేషన్‌లో పొట్టలోకి గ్యాస్ నింపడం వల్ల భుజం ఎందుకు నొప్పి పుడుతుందో ఎవరూ చెప్పని మాటలు చెప్పింది. రెండో రోజు భుజం నొప్పి వచ్చినప్పుడు నేను కంగారుపడలేదంటే అక్కా, అది నీ పుణ్యమే.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. సర్జన్ గారు రోబోను నడిపే కన్సోల్ దగ్గర కూర్చుంటే, ఆ నాలుగు గంటలూ నా పక్కన నిలబడి పరికరాలు మార్చిన అసిస్టెంట్ డాక్టరుకి, సిస్టర్లకి, తల కిందికి వంచి పడుకోబెట్టిన నన్ను క్షణక్షణం కనిపెట్టుకున్న మత్తు డాక్టరుగారికి ప్రత్యేకంగా థాంక్స్. వాళ్ల మొహాలు కూడా నాకు సరిగా గుర్తులేవు. తిత్తి చితకకుండా సంచిలో పెట్టి బయటికి తీశారు. పొట్ట మీద చిన్న కోతలే మిగిలాయి.

రాత్రి డ్యూటీ సిస్టర్ ఒకమ్మాయి ఉంది. కాథెటర్ (మూత్రం గొట్టం) తీశాక మూత్రం వస్తుందో రాదోనని నేను వణికిపోతుంటే, బాత్రూమ్ తలుపు బయట నిలబడి "తొందరేం లేదక్కా, నేనిక్కడే ఉన్నా" అంటూనే ఉంది. వచ్చినప్పుడు నాకంటే ఎక్కువ సంతోషపడింది.

ఆపరేషన్ కోసం రక్తమిచ్చిన ఇద్దరు సహోద్యోగులకు కూడా. నాకు వాడాల్సిన అవసరం రాలేదు, మరెవరికో ఉపయోగపడే ఉంటుంది. వారం తర్వాత, తీసిన తిత్తిని పరీక్షించిన పాథాలజీ రిపోర్ట్ వచ్చింది: టెయిల్‌గట్ సిస్టే, కేన్సర్ లేదు. మా ఆయన ఫోన్‌లో ఆ లైను వినిపించి చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయారు.

ఒకే చోట చీము గడ్డ మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, లోపల ఇంకేమైనా ఉందేమో చూడాలా, ఎమ్మారై అవసరమా అని మీ డాక్టర్‌ని తప్పకుండా అడగండి. నాకు ఆ మాట మూడేళ్లు ఆలస్యంగా అందింది.

నిన్న రిపోర్ట్ తీసుకున్నాక రేడియాలజిస్ట్ గారి గదికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టారు. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి, తిత్తి ఉన్న చోటు ఇప్పుడు ఎలా ఉందో చూపించారు. ఆ గదిలో ఉన్నది చెక్క కుర్చీ. ఆవిడతో మాట్లాడినంతసేపూ, అరగంట పైనే, అందులోనే కూర్చున్నాను.