ఐసీయూ తర్వాతి భయం గురించిన మా కరపత్రానికి సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

ఐసీయూ నుంచి ఇంటికొచ్చిన మనిషి కోసం, ఆ ఇంట్లోవాళ్ళ కోసం మేం తయారుచేసిన తెలుగు కరపత్రం అచ్చయి వచ్చింది. దీని వెనక చాలామంది కష్టం ఉంది. డ్యూటీ దిగాక కూడా కూర్చుని మా చిత్తుప్రతి చదివినవాళ్ళున్నారు. ఒక్క వాక్యం సరిగ్గా రావాలని మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసినవాళ్ళున్నారు. పేర్లు వేయొద్దని అందరూ అన్నారు కాబట్టి, ఎవరి వల్ల ఏ పేజీ బాగుపడిందో చెప్పి దండం పెట్టుకుంటున్నాం. కరపత్రం చేతికందనివాళ్ళకి పనికొస్తుందని అందులోని విషయం కూడా ఇక్కడే రాస్తున్నాం.

డిశ్చార్జ్ సమ్మరీలో క్రియాటినిన్ ఎంతో ఉంటుంది, యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడాలో ఉంటుంది, రివ్యూ తేదీ ఉంటుంది. ఇంటికొచ్చిన మనిషి అర్ధరాత్రి చెమటలు పట్టి ఎందుకు లేచి కూర్చుంటున్నాడో, ఫోన్ బీప్ అంటే ఎందుకు ఉలిక్కిపడుతున్నాడో ఉండదు. ప్రాణాలతో బయటపడ్డాడు, అదే పదివేలు అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. కానీ ఆ భయం బీపీలోకి దిగుతుంది, షుగర్‌లోకి దిగుతుంది, ఊపిరిలోకి, చివరికి మందుల డబ్బాలోకి కూడా దిగుతుంది. దాన్ని జబ్బులో భాగంగానే చూడాలన్నది మా కరపత్రం మొత్తం చెప్పే మాట.

మొదటి రెండు పేజీలు పూర్తిగా క్రిటికల్ కేర్ డాక్టర్ మేడమ్ గారి చలవ. మేం రాసుకున్న "మనోధైర్యం తగ్గడం" అన్న మాటని ఆవిడ కొట్టేశారు. ధైర్యం లేకపోవడం వల్ల వచ్చేది కాదమ్మా ఇది, అన్నారు. అమెరికాలోని సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ 2010లో జరిపిన సమావేశంలో దీనికి పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. కండరాల నీరసం, మతిమరుపూ ధ్యాస నిలవకపోవడమూ, భయమూ దిగులూ ఈ మూడూ అందులోకే వస్తాయి. ఐసీయూ నుంచి బయటపడినవాళ్ళలో సుమారు అయిదుగురిలో ఒకరికి మొదటి ఏడాదిలో పీటీఎస్‌డీ (భయంకరమైన ఘటన ముగిసినా ఆ భయం వదలకుండా వెంటాడే జబ్బు) లక్షణాలు గట్టిగానే కనిపిస్తాయి. బయట కుర్చీల్లో రాత్రిళ్ళు గడిపిన ఇంట్లోవాళ్ళకీ రావచ్చు.

ఒంట్లో జరిగేది ఆవిడ ఇలా చెప్పించారు. ప్రాణభయం కలగ్గానే క్షణాల్లో అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుంది. మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి, అక్కడి నుంచి మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులకి కబురు వెళ్ళి, ఇరవై ముప్ఫై నిమిషాల్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ బాగా పెరుగుతుంది. సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా విషమించడం) బీపీ పడిపోయిన మనిషికి దీనికి తోడు బీపీ నిలబెట్టడానికి నార్‌అడ్రినలిన్ డ్రిప్ కూడా నడుస్తుంటుంది. ఈ హార్మోన్లు ఆ క్షణపు జ్ఞాపకాన్ని లోతుగా దించేస్తాయి. మరోవైపు మత్తుమందులూ డెలీరియమూ (ఒంటి జబ్బు వల్ల ఉన్నట్టుండి మతి తప్పి అయోమయంలో పడటం) కలిసి ఎక్కడున్నాం, ఏ రోజు, ఎందుకొచ్చాం అన్న వరసని చెరిపేస్తాయి. అందుకే తర్వాత గుర్తొచ్చేది కథలా రాదు, ముక్కలుగా వస్తుంది: గొంతులో గొట్టం, ముఖం మీద దీపం, కట్టేసిన చేతులు.

మ్యూనిక్ వైద్యులు 1999లో, 2001లో ప్రచురించిన చిన్న అధ్యయనాల్లో, సెప్టిక్ షాక్ (సెప్సిస్‌తో బీపీ పడిపోవడం) సమయంలో హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ అందినవాళ్ళకి తర్వాత పీటీఎస్‌డీ లక్షణాలు తక్కువగా వచ్చాయి. ఒంట్లోని హార్మోన్లకీ ఈ జ్ఞాపకాలకీ లంకె ఉందనడానికి దీన్ని చెప్పామే తప్ప, ఇందుకోసం స్టెరాయిడ్ అడగమని కాదు. ఆ హెచ్చరిక మేడమ్ గారే పెద్దక్షరాల్లో వేయించారు.

డెలీరియం పేజీకి మేం ఎక్కువ చోటిచ్చాం, ఎందుకంటే ఇళ్ళల్లో ఎక్కువ నలిగేది అక్కడే. వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో 80 శాతం దాకా ఇది రావచ్చు. గొట్టాలు పీకేస్తూ కేకలు పెట్టే మనిషిని అందరూ గుర్తుపడతారు. కదలకుండా గోడవైపు చూస్తూ పడుకున్న మనిషికీ అదే ఉండొచ్చు, ఆయన్ని మాత్రం "కుదురుగా ఉన్నాడు" అనుకుని వదిలేస్తారు. సిస్టర్లు తనకి విషం ఎక్కిస్తున్నారని, ఎవరో ఎత్తుకొచ్చి కట్టేశారని రోగి నిజంగా నమ్ముతాడు. గొంతులో కఫం తీసే సక్షన్‌ని పీక నొక్కడంగా, మూత్రం పైపు వేయడాన్ని తన ఒంటి మీద జరిగిన అఘాయిత్యంగా గుర్తుపెట్టుకున్నవాళ్ళున్నారు. జరిగినవాటికన్నా ఇలా జరగనివి గుర్తుండిపోయినవాళ్ళకే తర్వాత బాధ ఎక్కువగా ఉంటోందని పరిశోధనలు చెబుతున్నాయి.

మన ఇళ్ళల్లో దీన్ని గాలి సోకిందనో, ఎవరో ఏదో చేయించారనో అనుకోవడం కద్దు. తాయెత్తు కడితే తప్పులేదు, కానీ డాక్టర్‌కి చెప్పడం మానకూడదు. ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, సోడియం పడిపోవడం, మూత్రం రాక నిలిచిపోవడం, మిడజోలాం, లోరాజెపాం లాంటి మత్తుమందులు, రోజూ తాగేవాళ్ళకి ఒక్కసారిగా మద్యం ఆగిపోవడం, ఇవన్నీ డెలీరియం తెస్తాయి. రోజూ ఎంత తాగేవాడో పరువు కోసం దాచొద్దని సిస్టర్ గారు ప్రత్యేకంగా రాయించారు. మొదటి రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి వచ్చే విషయమది.

ఆ సిస్టర్ గారికి మేం రుణపడి ఉన్నాం. ఇంట్లోవాళ్ళు అయిదు నిమిషాల విజిటింగ్‌లో ఏం చేయాలో ఆవిడ చెప్పినట్టే అచ్చువేశాం. కళ్ళజోడు, వినికిడి మిషన్, కట్టుడు పళ్ళు తెచ్చి సిస్టర్‌కి అప్పగించండి. కనబడేచోట గడియారం, క్యాలెండర్ పెట్టించమని అడగండి. వెళ్ళగానే మీ పేరు, వరస చెప్పండి, ఏ ఊరు, ఏ ఆస్పత్రి, ఏ వారం, ఉదయమా సాయంత్రమా చెప్పండి. డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి తెలుగు రాకపోవచ్చు. అలాంటప్పుడు "నొప్పి ఉందా", "ఊపిరాడటం లేదా", "దాహమా" అన్న మాటలు ఆవిడ చదవగలిగే లిపిలో అట్టముక్క మీద రాసివ్వండి. "విషం పెడుతున్నారు" అని రోగి అంటే వాదించొద్దు, వంతపాడొద్దు. "నీకు భయంగా ఉంది నాన్నా, నాకు తెలుసు. ఇది ఆస్పత్రి, ఆవిడ సిస్టర్. నేను బయటే ఉన్నాను" అంటే చాలు.

ఐసీయూ డైరీ సంగతీ ఆవిడ చెప్పిందే. స్కాండినేవియా దేశాల నర్సులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. మామూలు రూళ్ళ నోటుబుక్ చాలు. రోజూ తేదీ వేసి, నాలుగైదు వాక్యాల్లో, రోగితో మాట్లాడుతున్నట్టుగా రాయాలి: "ఈ రోజు నీ గొంతులో గొట్టం మార్చారు. చేతులు కదుపుతుంటే గొట్టం ఊడుతుందని మెత్తటి పట్టీతో కట్టారు. అక్క వచ్చి వెళ్ళింది." ఇల్లు గడవని బాధలు, డబ్బు లెక్కలు అందులో రాయకూడదు. రోగి అడిగినప్పుడే చదవడానికివ్వాలి, మొదటిసారి పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆరు యూరప్ దేశాల ఆస్పత్రుల్లో జరిగిన 2010 నాటి అధ్యయనంలో, డైరీ అందినవాళ్ళలో కొత్తగా పీటీఎస్‌డీ వచ్చినవాళ్ళు 5 శాతం, అందనివాళ్ళలో 13 శాతం. 2019లో ఫ్రాన్స్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో మాత్రం తేడా కనబడలేదు. రెండూ రాయాల్సిందేనని సిస్టర్ గారు పట్టుబట్టారు. చెరిగిపోయిన రోజుల వరస తిరిగి దొరుకుతుంది కాబట్టి డైరీ రాయడం మంచిదనే మా అభిప్రాయం.

ఫిజియోథెరపిస్టు అన్న లేకపోతే ఈ కరపత్రం సలహాల చీటీగానే మిగిలేది. ఆయన చూపించిన గొలుసు ఇది. మంచంలో పడుకున్న మనిషికి మొదటి పది రోజుల్లోనే తొడ ముందరి కండరం సుమారు 18 శాతం తగ్గుతుందని 2013లో ఇంగ్లండ్‌లో కొలిచారు. ఇంటికొచ్చి నాలుగు మెట్లెక్కగానే గుండె దడదడలాడుతుంది, ఆయాసం వస్తుంది. ఐసీయూలో ప్రాణం పోతోందనుకున్నప్పుడు ఒంటికి తెలిసింది కూడా సరిగ్గా ఈ దడా ఆయాసమే. మెదడు రెండింటినీ ఒకటిగా చదివి మళ్ళీ అడ్రినలిన్ వదులుతుంది, దడ ఇంకా పెరుగుతుంది. దాంతో మనిషి మెట్లెక్కడం మానేస్తాడు, నడక మానేస్తాడు. కండరం ఇంకా కరుగుతుంది, ఈసారి రెండో మెట్టుకే దడ వస్తుంది. "విశ్రాంతి తీసుకో" అని ఇంట్లోవాళ్ళు ప్రేమతో అనే మాట ఈ గొలుసుని బిగిస్తుంది.

దీన్ని విప్పడానికి ఆయన ఇచ్చిన కొలతలివి. డాక్టర్ నడవొచ్చన్నాక, చదును నేల మీద 5 నిమిషాలు, రోజుకి రెండుసార్లు. రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. ఎంత కష్టంగా ఉందో రోగే అంకెలో చెప్పే బోర్గ్ స్కేల్ 6 నుంచి 20 వరకు ఉంటే అందులో 11 నుంచి 13 మధ్య శ్రమ అది. నడకకి ముందు, ఆపగానే, ఆపిన 5 నిమిషాలకి నాడి లెక్కపెట్టి కాగితం మీద రాయాలి. పెరిగిన దడ దానంతటదే దిగుతుందని రోగి తన చేతిరాతలో చూసుకోవడమే ఇక్కడ మందు. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, ఆక్సిజన్ డాక్టర్ చెప్పిన అంకె కన్నా తగ్గడం, వీటిలో ఏది కనబడినా ఆపేయాలి.

భయంతో గబగబా ఊపిరి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వేళ్ళు, పెదవులు తిమ్మిరెక్కుతాయి, ఛాతీ బిగుస్తుంది. అప్పుడు ముక్కుతో రెండంకెలు పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి నాలుగంకెలు వదలాలి. కాగితపు సంచిలో ఊపిరి పీల్చమనే పాత చిట్కా గుండె, ఊపిరితిత్తుల రోగులకి ప్రమాదం, వద్దు.

గుండెపోటు పేజీ చిన్నదే, కార్డియాలజిస్టు గారు సరిచూశారు. గుండెపోటు వచ్చినవాళ్ళలో సుమారు 12 శాతం మందికి పీటీఎస్‌డీ లక్షణాలుంటాయని, వాళ్ళకి మళ్ళీ గుండె సమస్య గానీ మరణం గానీ వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని 2012 నాటి సమీక్ష తేల్చింది. రక్తనాళాల వాపు, ప్లేట్‌లెట్లు అతుక్కోవడం, నిద్రలేమి, సిగరెట్, వీటన్నిటి పాత్రా ఉంది. మనం వెంటనే సరిచేయగలిగేది మాత్రం మాత్రలు. మాత్ర కనబడగానే ఆ రోజు గుర్తొస్తుంది కాబట్టి మాత్ర మానేస్తాడు. స్టెంట్ వేసినవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ లాంటివి సొంతంగా ఆపితే స్టెంట్‌లో గడ్డకట్టి ప్రాణం పోవచ్చు. "మందు వేసుకున్నావా?" అని గదమాయించకుండా, వారానికి సరిపడా గదుల డబ్బాలో నింపి కాఫీ గ్లాసు పక్కన పెట్టండి. "మాత్ర చూస్తే ఏమనిపిస్తోంది?" అని ఒకసారి అడగండి.

మెడికల్ షాపు నడిపే అన్నగారు మా చిత్తుప్రతిలో లేని పేజీ ఒకటి చేర్చారు. భయమనుకునేది కొన్నిసార్లు మందు ప్రభావమే. గుండెకీ బీపీకీ ఇచ్చే మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ కొందరికి పీడకలలు తెస్తాయి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది, ఉదయం వేసుకోవాలి, చప్పున ఆపకూడదు. ఆయాసానికి వాడే సాల్‌బ్యుటమాల్ చేతులు వణికిస్తుంది, దడ తెస్తుంది. షుగర్ మందులు వాడేవాళ్ళకి వణుకు, చెమట వస్తే ముందు గ్లూకోమీటర్ తీయాలి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. నిద్ర కోసం చీటీ లేకుండా ఆల్‌ప్రజోలాం అనే మత్తు మాత్ర అడిగేవాళ్ళు చాలామంది వస్తారని ఆయన బాధపడ్డారు. భయంకరమైన ఘటన జరిగిన మొదటి నెలలో ఈ రకం మందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. ఊపిరితిత్తుల జబ్బుంటే ఇవి శ్వాసని కూడా అణుస్తాయి.

సైకియాట్రిస్టు గారు నేర్పింది రెండు వైపులా పదునున్న మాట. కొత్తగా ఆయాసం, దడ వస్తే ముందు ఒంటిని పరీక్షించాలి: ఈసీజీ, ఆక్సిజన్, హిమోగ్లోబిన్, థైరాయిడ్. ఛాతీ మీద బరువు తగ్గకపోతే, ఒకవైపు చేయి పడిపోతే, స్పృహ తప్పితే చర్చ లేకుండా 108. రిపోర్టులు బాగున్నాక "అంతా టెన్షన్" అని పంపేయడం మాత్రం సగం వైద్యం. పీడకలలు, అదే దృశ్యం మళ్ళీ మళ్ళీ రావడం, ఆస్పత్రి వైపు వెళ్ళలేకపోవడం, ఉలికిపాటు నెల దాటినా ఉంటే పీటీఎస్‌డీకి చూపించాలి. దీనికి నిలబడిన చికిత్స ఆ ఘటన మీదే పనిచేసే టాక్ థెరపీ, సాధారణంగా 8 నుంచి 12 విడతలు. ఈఎండీఆర్ (ఆ ఘటనని తలచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిలించే చికిత్స) ఇంకో దారి. దిగులుకి వాడే సెర్ట్రలీన్ లాంటి మందులు కూడా పనిచేస్తాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకి వీటితో రక్తస్రావం అవకాశం పెరుగుతుంది కాబట్టి ఇద్దరు డాక్టర్లకీ అన్ని చీటీలూ చూపించాలి, మలం నల్లగా వస్తే వెంటనే చెప్పాలి. జరిగిందంతా చెప్పమని మొదటి రోజుల్లోనే బలవంతపెట్టకూడదు. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

భాష దిద్దిన రిటైర్డ్ తెలుగు మాస్టారికి, తమ డైరీలు చదవనిచ్చిన కుటుంబాలకి, కాగితం ఖర్చు తప్ప ఏమీ తీసుకోని ప్రెస్ వాళ్ళకి పేరుపేరునా నమస్కారాలు. తర్వాత పిల్లల ఐసీయూ మీద నాలుగు పేజీలు రాయబోతున్నాం. పిల్లలు ఈ భయాన్ని మాటల్లో చెప్పరు, ఆటల్లోనో పక్క తడపడంలోనో చూపిస్తారు. ఆ వార్డుల్లో పనిచేసిన సిస్టర్లు, ప్లే థెరపీ తెలిసినవాళ్ళు కామెంట్‌లో రాస్తే మేమే మిమ్మల్ని కలుస్తాం. ఈ ముద్రణలో తప్పు కనబడినా, అంకె మారాలన్నా దయచేసి చెప్పండి, రెండో ముద్రణకి ముందు సరిచేస్తాం.