భారతం 18 రోజులు, ఫోటో ఒక్కరోజుదేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో మా పక్కూరి ధర్మరాజులగుడి తిరునాళ్ల ఫోటో చూశాను. పసుపు బట్టలతో అగ్నిగుండం తొక్కేవాళ్లు, కింద రెండు లైన్లు, ఏటా వేసేదే. ఫోటో బాగుంది, కాదనను. కానీ గుండం దాకా వచ్చేలోపు ఊళ్లో ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు.

ఎండాకాలం వస్తే మా చిత్తూరు పల్లెల్లో భారతం పెడతారు, కురుక్షేత్రం 18 రోజులు కాబట్టి చాలా ఊళ్లలో ఇదీ 18 రోజులే. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ నాడు భీముడు బండి మీద కూర్చుని ఊరంతా తిరుగుతాడు, వెనక పిల్లల గోల. శివుడి కోసం అర్జునుడు తపస్సు చేసే ఘట్టం, ఆ తపస్సు మాను నాడైతే చూడాలి! అర్జునుడి వేషగాడు అంత ఎత్తు మాను మీదికి పద్యాలు పాడుకుంటూ ఎక్కుతాడు, కింద బిడ్డల కోసం తడిబట్టలతో నేల మీద సాగిలపడి వరపడిన ఆడవాళ్లు, పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కొంగులో పడితే చాలని. చివరి రోజు పొద్దున మట్టి దుర్యోధనుడి తొడ పగిలాక గానీ సాయంత్రం గుండం లేదు.

ఇవేవీ పేపర్లో రావు, కుర్రాళ్లకు తెలియదు, దాంతో నాటకానికి విలువ పోతోంది. పోయినేడు మా ఊళ్లో కర్ణమోక్షం తెల్లారిందాకా ఆడాల్సింది, పక్కనే డీజే పెట్టి రాత్రి రెండింటికే మంగళం పాడించేశారు. భుజకీర్తులు విప్పుతూ కర్ణుడి వేషం ఆయన, "శల్యుడితో వాదనే పూర్తి కాలేదు సామీ" అన్నాడు. ముందు వరసలో చాపలేసుకున్న అవ్వలు కమిటీ వాళ్లను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. డీజే వద్దనడం లేదు, ఇంకో రోజు పెట్టుకోండి, ఎవరొద్దన్నారు?

నేనడిగేది చిన్న పని. ఏ ఊళ్లో ఏ రాత్రి ఏ నాటకమో మీ పేపర్లో ముందే వేయండి. బెంగళూరు, చెన్నైలో ఉద్యోగాలు చేసే మా పిల్లలు గుండం రోజుకే సెలవు పెడుతున్నారు, వాళ్లకు తెలిసిన తేదీ అదొక్కటే మరి. అలాగే ఈసారి మీ విలేకరిని తపస్సు మాను రాత్రికి పంపండి. భోజనం, చాప మేం చూసుకుంటాం, నిద్ర మాత్రం మా పూచీ కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా