చేయకుండా ఆగినవాళ్లనూ మెచ్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అధ్యక్షుల మాట వస్తే మన దగ్గర లింకన్, రూజ్‌వెల్ట్, కెన్నెడీ పేర్లే వినిపిస్తాయి. యుద్ధం గెలిచినవాడో, పెద్ద పథకం తెచ్చినవాడో, కనీసం ఉపన్యాసం దంచినవాడో అయితేనే మన లెక్కలో నాయకుడు. అధికారం చేతిలో ఉండీ వాడకుండా ఊరుకున్నవాడికి కటౌట్ ఎవరు కడతారు? కానీ అలా ఊరుకోవడానికి ఉన్న విలువ ఏమిటో 2025లో మా గోదావరి జిల్లాలకు బాగానే తెలిసొచ్చింది.

ఆ ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకం రెండు విడతల్లో 50 శాతానికి చేరింది. మన వనామి రొయ్యకు పెద్ద మార్కెట్ ఆ దేశమే. కొనేవాళ్లు చెరువు గట్టు మీదే రేటు తగ్గించి అడగడం మొదలుపెట్టారు. పట్టుబడికి వచ్చిన చెరువును ఎన్నాళ్లని ఆపుతాం? మేత ఖర్చు, ఏరేటర్ల కరెంటు బిల్లు ఆగవు కదా. ఇదంతా ఒక్క మనిషి సంతకంతో జరిగింది. నిజానికి సుంకాలు వేసే అధికారాన్ని ఆ దేశ రాజ్యాంగం ఇచ్చింది కాంగ్రెస్‌కు, అంటే వాళ్ల పార్లమెంటుకు. అత్యవసర పరిస్థితుల కోసం 1977లో చేసిన ఒక చట్టాన్ని అడ్డం పెట్టుకుని అధ్యక్షుడు ఆ పని తానే కానిచ్చేశాడు.

సెప్టెంబరు 19న వచ్చిన హెచ్-1బీ ఉద్యోగ వీసా ప్రకటనదీ అదే తీరు. శుక్రవారం సంతకం, లక్ష డాలర్ల రుసుము, ఆదివారం నుంచే అమలు! దసరాకని బయలుదేరినవాళ్లు విమానాశ్రయాల్లో ఆగిపోయారు. ఇంటికి వచ్చి ఉన్నవాళ్లు తిరుగు టికెట్ల కోసం పరుగులు పెట్టారు. కొత్త దరఖాస్తులకే వర్తిస్తుందన్న వివరణ శనివారానికి గానీ రాలేదు. ఈలోగా ఎన్ని తెలుగు ఇళ్లలో ఎంత టెన్షనో మీ విలేకరులకే బాగా తెలుసు.

అందుకే కాల్విన్ కూలిడ్జ్ గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. 1923 నుంచి 1929 దాకా ఆయన అధ్యక్షుడు. చరిత్రకారుల ర్యాంకుల్లో ముందు బెంచీకి ఎప్పుడూ రాడు. ఆయన ఉపాధ్యక్షుడిగా ఉండగా, అధ్యక్షుడు హార్డింగ్ హఠాత్తుగా చనిపోయిన కబురు అర్ధరాత్రి వెర్మాంట్‌లోని సొంతూరికి చేరితే, కిరసనాయిలు దీపం వెలుగులో కన్నతండ్రే ప్రమాణం చేయించాడు. ఆ తండ్రి నోటరీ. 1910లో ఆ తండ్రి రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికైనప్పుడు కొడుకు రాసిన ఉత్తరంలో ఒక సలహా ఉంది: మంచి బిల్లులు నెగ్గించడం కన్నా చెడ్డ బిల్లులను చంపడం చాలా ముఖ్యమని. తన వంతు వచ్చాక ఆ సలహాను తనే పాటించాడు. బడ్జెట్ అధికారిని కూర్చోబెట్టుకుని ఖర్చులు కోసేవాడు. ఆయన వచ్చేనాటికి దాదాపు 2,200 కోట్ల డాలర్లున్న దేశం అప్పు, దిగిపోయేసరికి 1,700 కోట్లకు తగ్గింది. పన్నులు తగ్గిస్తూనే అప్పు తీర్చాడంటే ఇప్పటివాళ్లు నమ్మరు.

రైతు బిడ్డగా నాకు మొదట మింగుడుపడనిది వ్యవసాయ బిల్లుపై ఆయన వీటో. మిగులు పంటను ప్రభుత్వమే మంచి ధరకు కొని, విదేశాల్లో నష్టానికైనా అమ్మాలన్నది ఆ బిల్లు. 1927లో ఒకసారి, 1928లో ఇంకోసారి తిప్పి పంపాడు. ధర పెంచితే ఇంకా ఎక్కువ పండిస్తారు, మిగులు ఇంకా పెరుగుతుంది అన్నది ఆయన వాదన. తప్పో ఒప్పో, పల్లెటూళ్ల ఓట్లు పోతాయని తెలిసీ వద్దన్నాడు. మేత ఎప్పుడు ఆపాలో తెలియని రైతు చెరువులో నీళ్లు చెడగొట్టుకున్నట్టే, ఎక్కడ ఆగాలో తెలియని ప్రభుత్వం మంచి ఉద్దేశంతోనే చెరుపు చేస్తుంది.

అన్నింటికన్నా నాకు నచ్చింది 1927 ఆగస్టు 2నాటి సంగతి. వేసవి విడిదికి దక్షిణ డకోటా వెళ్లినప్పుడు రాపిడ్ సిటీలోని ఒక హైస్కూల్లో విలేకరులను పిలిచి, తలా ఒక చీటీ చేతిలో పెట్టాడు. 1928లో పోటీ చేయదలచుకోలేదు అని అందులో ఒకే ఒక్క వాక్యం. వివరణ లేదు, కన్నీళ్లు లేవు, అభిమానుల ఒత్తిడి మేరకు పునరాలోచన అసలే లేదు. నిలబడితే గెలిచేవాడని అందరూ అనుకుంటున్న రోజులవి. రెండు దఫాలు కాగానే 1797లో ఇంటికి వెళ్లిపోయిన వాషింగ్టన్ వేసిన దారి కూడా ఇలాంటిదే. ఎక్కడా రాసిపెట్టని ఆ ఆనవాయితీ 1940 దాకా నిలిచింది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగుసార్లు గెలిచాకే దాన్ని రాజ్యాంగంలో రాసుకోవాల్సి వచ్చింది.

కూలిడ్జ్‌ను దేవుణ్ని చేయమని కాదు. 1927లో మిసిసిపీ వరదలకు లక్షల మంది నిరాశ్రయులైతే తాను కదలకుండా మంత్రి హూవర్‌ను పంపాడు. వరద ప్రాంతాల పక్కన ఉన్నవాళ్లం, దాన్ని మెచ్చుకోలేం. ఇక ఆసియావాళ్లకు తలుపులు మూసిన 1924 వలస చట్టంపై సంతకం ఆయనదే. తండ్రికి చెప్పిన సలహా అప్పుడెందుకు గుర్తురాలేదో! మనవాళ్లకు ఆ తలుపు బాగా తెరుచుకుంది 1965 చట్టంతోనే. అంటే పార్లమెంటు చేసేవన్నీ మంచి చట్టాలేమీ కావు. కాకపోతే అక్కడ బిల్లు పెట్టాలి, చర్చ జరగాలి, ఓటు వేయాలి. అవతలివాడికి వాదించుకోవడానికి, సర్దుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. శుక్రవారం సంతకానికి ఆ సౌకర్యం లేదు.

పార్టీ ఏదైనా ఇదే వరస. నచ్చిన అధ్యక్షుడు ఉత్తర్వుల మీద ఉత్తర్వులు ఇస్తే 'దమ్మున్నవాడు' అంటాం, నచ్చనివాడు ఇస్తే 'నియంత' అంటాం. సంతకం మాత్రం రెండుసార్లూ ఒకటే.

మీకు నా విన్నపం చిన్నదే. వైట్‌హౌస్ నుంచి ఉత్తర్వు వచ్చినప్పుడల్లా ఫలానా దేశానికి షాక్ అని శీర్షిక పెడుతున్నారు, సరే. అది ఏ చట్టం కింద ఇచ్చారు, కాంగ్రెస్ ఓటు వేసిందా లేదా అన్నది కూడా రాయండి. అంతర్జాతీయ పేజీలో రెండు లైన్ల చోటు దొరక్కపోదు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
భీమవరం